పిల్లికి ఇన్సులిన్: డోసు పెంచేదెప్పుడు, తగ్గించేదెప్పుడు

పిల్లులకు వచ్చే షుగరు జబ్బు చాలావరకు మనుషులకు నడివయసులో వచ్చే టైప్ 2 డయాబెటిస్ లాంటిదే. మొదట శరీరం ఇన్సులిన్‌కు సరిగా స్పందించడం మానేస్తుంది. ఆ లోటు పూడ్చడానికి క్లోమగ్రంథి అదనంగా పనిచేసి అలసిపోతుంది. అందులో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాల చుట్టూ అమిలాయిడ్ అనే ప్రొటీన్ పేరుకుంటుంది. రక్తంలో పెరిగిన గ్లూకోజ్ కూడా ఆ కణాలను దెబ్బతీసి, ఊరే కాస్త ఇన్సులిన్‌ను ఇంకా తగ్గిస్తుంది. ఏడెనిమిదేళ్లు దాటినవి, ఒళ్లు చేసినవి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించిన మగపిల్లులు, గడప దాటకుండా పెరిగేవి ఎక్కువగా దీని బారిన పడతాయి. దురదకో ఉబ్బసానికో వాడిన స్టిరాయిడ్ మందుల తర్వాత జబ్బు బయటపడడమూ మామూలే.

నీళ్ల గిన్నె మాటిమాటికీ ఖాళీ అవుతుంది. మూత్రం ఎక్కువవుతుంది. ఎంత తిన్నా పిల్లి చిక్కిపోతుంటుంది. జబ్బు ముదిరితే వెనక కాళ్ల నరాలు దెబ్బతిని, మునివేళ్ల మీద నడవాల్సిన పిల్లి మడమలు నేలకు ఆనించి నడుస్తుంది. అవలీలగా ఎక్కే మంచం కూడా ఎక్కలేకపోతుంది. ఇలాంటి లక్షణాలేవీ లేకుండా ఆసుపత్రిలో ఒక్కసారి చేసిన పరీక్షలో షుగరు 300 వచ్చిందంటే అది జబ్బే అనడానికి లేదు. బుట్టలో పెట్టి, ఆటో ఎక్కించి, కుక్కలు మొరిగే చోటికి తీసుకొచ్చిన పిల్లికి భయంతోనే షుగరు అంత పైకి పోవచ్చు. అందుకే మూత్రంలో గ్లూకోజ్ ఉందో లేదో చూస్తారు. గడిచిన ఒకటి రెండు వారాల సగటును చెప్పే ఫ్రక్టోజమీన్ పరీక్ష కూడా చేస్తారు.

చికిత్సలో ప్రధానమైనది రోజుకు రెండుసార్లు, పన్నెండు గంటల ఎడంతో ఇచ్చే ఇన్సులిన్. అయితే పిల్లి విషయంలో ఒక విశేషం ఉంది. షుగరు అదుపులోకి వచ్చేకొద్దీ బీటా కణాలు కొంత కోలుకుంటాయి, సొంత ఇన్సులిన్ మళ్లీ ఊరుతుంది. కొన్ని పిల్లులకు కొన్నాళ్లకు ఇంజెక్షన్ అవసరమే ఉండదు. యజమానికి ఇది శుభవార్తే, కానీ ప్రమాదం కూడా ఇందులోనే ఉంది. పోయిన నెల సరిగ్గా సరిపోయిన డోసు ఈ నెల ఎక్కువైపోవచ్చు. కాబట్టి పిల్లికి ఇన్సులిన్ డోసు ఒకసారి తేల్చి వదిలేసే అంకె కాదు. దాన్ని పెంచడంలో నిదానం, తగ్గించడంలో చురుకుదనం కావాలి.

డోసు కన్నా ముందు చూసుకోవాల్సింది సీసా మీద రాసిన గాఢత. మన దేశంలో మందుల షాపులో దొరికే ఇన్సులిన్ సీసాల్లో చాలా వాటిలో మిల్లీలీటరుకు 40 యూనిట్లు ఉంటాయి. గ్లార్జిన్ లాంటి కొత్త తరం ఇన్సులిన్లలో సాధారణంగా మిల్లీలీటరుకు 100 యూనిట్లు. 300 యూనిట్ల గ్లార్జిన్ కూడా ఉంది. సిరంజీలు కూడా దీనికి తగ్గట్టే వేరువేరు: ఎర్ర మూత ఉన్నది 40కి, నారింజ మూత ఉన్నది 100కి. 100 గాఢత ఉన్న మందును పొరపాటున ఎర్ర మూత సిరంజిలో ఒక యూనిట్ గీత వరకు లాగితే పిల్లి ఒంట్లోకి వెళ్లేది రెండున్నర యూనిట్లు. ఒక యూనిట్‌తో మొదలుపెట్టాల్సిన నాలుగు కిలోల జంతువుకు అది ప్రాణం మీదికి తెచ్చే తేడా. తిరగేసి వాడితే, అంటే 40 గాఢత మందును నారింజ సిరంజిలో తీస్తే, యూనిట్‌కు బదులు 0.4 యూనిట్ మాత్రమే పోతుంది; షుగరు ఎందుకు దిగడంలేదో అర్థంకాక డోసు పెంచుకుంటూ పోతారు. సిరంజి కొనేటప్పుడు షాపతనికి సీసా చూపించి కొనడం మంచిది. ఇంట్లో పెద్దవాళ్లెవరికైనా షుగరు ఉండి వాళ్ల సిరంజీలు అందుబాటులో ఉన్నాయంటే ఈ జాగ్రత్త మరీ అవసరం.

ఏ ఇన్సులిన్ అన్నది పశువైద్యులు నిర్ణయిస్తారు. విదేశాల్లో పిల్లులకు గ్లార్జిన్, జంతువుల కోసమే తయారయ్యే ప్రోటమీన్ జింక్ ఇన్సులిన్ ఎక్కువగా వాడతారు. మన దగ్గర మనుషుల కోసం అమ్మే గ్లార్జిన్ తేలిగ్గా దొరుకుతుంది. సీసాలో ఇది ఆమ్ల ద్రావణంగా తేటగా ఉంటుంది. చర్మం కిందికి వెళ్లి ఆమ్లత్వం తగ్గగానే సన్నటి రేణువులుగా పేరుకుని, అక్కడి నుంచి కొద్దికొద్దిగా కరుగుతూ రక్తంలో కలుస్తుంది. అందువల్ల దీన్ని నీళ్లతో పలచన చేయకూడదు, మరో ఇన్సులిన్‌తో కలపకూడదు. మసకబారితే పారేయాలి. ఇన్సులిన్ పెన్నులతో చిక్కేమిటంటే వాటిలో చాలావరకు ఒక్కో యూనిట్ చొప్పునే తిరుగుతాయి. పిల్లికి అర యూనిట్, ఒక్కోసారి పావు యూనిట్ తేడా కూడా ముఖ్యం. కాబట్టి అర యూనిట్ గీతలున్న 0.3 మిల్లీలీటర్ల సన్న సిరంజి దొరికితే అదే వాడాలి. పెన్ను కార్ట్రిడ్జ్ నుంచి సిరంజితో మందు తీసిన పక్షంలో లోపలికి గాలి చేరుతుంది కాబట్టి దాన్ని మళ్లీ పెన్నులో బిగించి వాడకూడదు. మందును ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య, డీప్ ఫ్రీజర్ గోడకు తగలకుండా తలుపు అరలో ఉంచాలి. గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు. ఎండాకాలం కరెంటు పోయి గంటలకొద్దీ వంటింటి వేడిలో ఉండిపోయిన మందునూ నమ్మడానికి లేదు.

మొదటి డోసును పిల్లి బరువును బట్టి లెక్కిస్తారు: కిలోకు సుమారు పావు యూనిట్, పూటకు ఒకసారి. మామూలు సైజు పిల్లికి అది ఒక యూనిట్ దగ్గరికి వస్తుంది. తొలి పరీక్షలో షుగరు ఎంత ఎక్కువ వచ్చినా పూటకు రెండు యూనిట్లు దాటి మొదలుపెట్టరు. లావు పిల్లికి ఇప్పుడున్న బరువును కాకుండా ఉండాల్సిన బరువును లెక్కలోకి తీసుకుంటారు. మెడ వెనక చర్మం పట్టుకోవడానికి వీలుగానే ఉన్నా అక్కడ రక్తప్రసరణ తక్కువ. పక్కటెముకల పక్కన, డొక్క దగ్గర చోటు మారుస్తూ ఇస్తే మందు బాగా ఒంటబడుతుంది.

తిండి మార్పు గురించి ఇక్కడే చెప్పుకోవాలి, ఎందుకంటే డోసును అంతగా తారుమారు చేసేది మరొకటి లేదు. సామెతల్లో పిల్లికీ పాలకూ ఎంత చుట్టరికం ఉన్నా, పిల్లి పుట్టుకతో మాంసాహారి. పిండిపదార్థాలను ఒక్కసారిగా వినియోగించుకునే ఏర్పాటు దాని కాలేయంలో చాలా తక్కువ. తెలుగిళ్లలో పిల్లికి పడేది మాత్రం పాలన్నం, పెరుగన్నం, లేకపోతే చేపపులుసు కలిపిన అన్నం. ప్యాకెట్లలో వచ్చే గట్టి గింజల మేతలోనూ పిండి బాగానే ఉంటుంది. షుగరు వచ్చిన పిల్లికి ఉడికించిన కోడిమాంసం, చేప, లేదా పిండిపదార్థాలు తక్కువగా ఉండే తడి మేత మంచిది. ఇంటి వంట మీదే ఆధారపడితే టారిన్, కాల్షియం లాంటివి లోపించకుండా డాక్టరు చెప్పినవి కలపాలి. అయితే ఈ మార్పు చికిత్సకు ముందే చేయాలి, లేదంటే ఇన్సులిన్ మొదలైన తర్వాత డాక్టరుకు చెప్పి చేయాలి. అన్నం తింటున్న పిల్లికి కుదిరిన మూడు యూనిట్లను, అన్నం మానేసిన మర్నాడు కూడా అలాగే ఇస్తే షుగరు ప్రమాదకరంగా పడిపోవచ్చు. మంచి ఉద్దేశంతో చేసిన మార్పు ఇలా బెడిసికొట్టడం పశువైద్యులకు కొత్తేమీ కాదు.

డోసు సరిపోతోందో లేదో తేల్చేది గ్లూకోజ్ కర్వ్. ఉదయం ఇంజెక్షన్‌కు ముందు మొదలుపెట్టి సాయంత్రం ఇంజెక్షన్ దాకా రెండు గంటలకోసారి షుగరు చూసి వరుసగా రాస్తారు. 150 కంటే దిగితే గంటకోసారి చూడాలి. ఆసుపత్రి భయం లేని ఇంట్లో చేసిన కర్వ్‌కే విలువ ఎక్కువ. చెవి అంచు వెంట సన్నటి నరం ఒకటి ఉంటుంది. వెచ్చటి గుడ్డతో చెవిని కాసేపు కాపి, వెనక దూది ఆనించి, ఆ నరం పక్కన సన్న సూదితో గుచ్చితే ఆవగింజంత రక్తం వస్తుంది, అంతే చాలు. వెంటనే దూదితో నొక్కి, ఇష్టమైన మాంసం ముక్క ఒకటి పెడితే చాలా పిల్లులు వారం తిరక్కుండానే అలవాటు పడతాయి. మనుషుల గ్లూకోమీటర్ పిల్లి రక్తంలో అసలు కన్నా తక్కువ చూపించడం సాధారణం. పిల్లుల కోసమే సరిచేసిన మీటర్లు కొన్ని ఉన్నాయి. ఏది వాడినా ఎప్పుడూ ఒకటే వాడాలి, ఏది వాడుతున్నారో డాక్టరుకు తెలియాలి. మనుషుల భుజానికి అతికించే పద్నాలుగు రోజుల సెన్సర్‌ను పిల్లి వీపు మీదో మెడ మీదో అతికించి వాడటం కూడా పెరుగుతోంది. దానిలో బాగా తక్కువ అంకె కనిపిస్తే రక్తపు చుక్కతో ఒకసారి నిర్ధారించుకోవాలి.

కర్వ్ చదవడంలో జరిగే తప్పు దాదాపు ఎప్పుడూ ఒకటే: పొద్దుటి అంకె చూసి కంగారుపడటం. నాలుగున్నర కిలోల పిల్లికి పూటకు ఒక యూనిట్ గ్లార్జిన్ ఇస్తున్నారనుకుందాం. ఉదయం ఏడింటికి 340, తొమ్మిదింటికి 290, పదకొండింటికి 210, ఒంటిగంటకు 140, మూడింటికి 118, అయిదింటికి 190, రాత్రి ఏడింటికి 310 వచ్చాయి. 340 చూస్తే డోసు పెంచాలనిపిస్తుంది. కానీ చూడాల్సింది మూడింటికి వచ్చిన 118ని. రోజులో అన్నిటికన్నా దిగువకు వెళ్లిన ఆ అంకె 80కీ 150కీ మధ్య ఉంటే డోసు తన పని తాను చేస్తున్నట్టే. ఇప్పుడు పెంచితే పొద్దుటి 340 కాస్త తగ్గుతుందేమో గానీ మధ్యాహ్నపు 118 కాస్తా 60కి జారుతుంది. మరో పిల్లికి అదే సమయాల్లో 380, 360, 330, 310, 300, 330, 370 వచ్చాయనుకుందాం. ఇక్కడ అతి దిగువ అంకే 300. నీళ్లు తాగడం, చిక్కిపోవడం కూడా తగ్గకపోతే ఈ పిల్లికి డోసు పెంచవచ్చు. మూడో పిల్లికి 320 నుంచి నాలుగు గంటల్లో 72కి పడి, మళ్లీ 400కి ఎగిరింది. పొద్దునా సాయంత్రం అంకెలు మాత్రమే చూసేవాళ్లు ఈ పిల్లికీ డోసు పెంచుతారు. నిజానికి దీనికి తగ్గించాలి.

పెంచడం ఎప్పుడైనా అర యూనిట్ చొప్పునే. చిన్న డోసుల మీద ఉన్న పిల్లికి పావు యూనిట్ చాలు. ఒక మార్పు తర్వాత మరో మార్పుకు కనీసం అయిదు నుంచి ఏడు రోజులు ఆగాలి. చర్మం కింద పేరుకునే ఇన్సులిన్ నిల్వ కుదురుకోవడానికి, శరీరం కొత్త మోతాదుకు అలవాటు పడడానికి అన్ని రోజులు పడుతుంది. మొదటి రెండు రోజుల అంకెలను చూసి డోసు మార్చేవాళ్లు నిన్నటి డోసు పూర్తి ప్రభావం తెలియకముందే ఇవాళ్టి డోసు దిద్దుతున్నట్టు. పూటపూటకూ మీటర్ చూసి ఇష్టమొచ్చినట్టు యూనిట్లు మార్చడం ఇంకా చేటు. తగ్గించాల్సి వస్తే మాత్రం వారం ఆగాల్సిన పని లేదు. షుగరు 80 కిందికి ఒక్కసారి వెళ్లినా, పిల్లి బాగానే కనిపిస్తున్నా, డాక్టరుతో మాట్లాడి తర్వాతి పూటకే డోసు తగ్గించాలి. లో షుగర్ లక్షణాలు కనిపించి ఉంటే పావు వంతు నుంచి సగం దాకా తగ్గిస్తారు.

ఇంజెక్షన్ వేళకు షుగరు మామూలుగా ఉందనిపిస్తే, అంటే ఇంకా ఏ మందూ పడకముందే 150 కన్నా తక్కువ ఉంటే, అలవాటు ప్రకారం పొడిచేయకూడదు. మేత పెట్టి, కొంతసేపటికి మళ్లీ చూసి, డాక్టరును అడిగి ఇవ్వాలి. పిల్లి తినకపోయినా, వాంతి చేసుకున్నా అంతే. సగం డోసు ఇవ్వాలో పూర్తిగా మానాలో ఫోన్‌లో తేల్చుకోవాలి. సూది గుచ్చేటప్పుడు పిల్లి కదిలి మందు బొచ్చు మీద పడిందనిపిస్తే, లోపలికి ఎంత పోయిందో తెలియదు కాబట్టి రెండోసారి ఇవ్వకూడదు. తర్వాతి వేళ వరకు ఆగాలి. ఒక పూట మందు పడకపోతే కొంప మునిగేదేమీ లేదు. రెండుసార్లు పడితే మునుగుతుంది. ఇంట్లో ఇద్దరు ముగ్గురు ఇంజెక్షన్ ఇస్తున్నప్పుడు ఫ్రిజ్ తలుపు మీద కాగితం అంటించి, ఇచ్చినవాళ్లు వేళ రాసి సంతకం పెట్టే పద్ధతి పెట్టుకుంటే ఈ ముప్పు చాలావరకు తప్పుతుంది.

లో షుగర్‌ను ఎలా గుర్తుపట్టాలో ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. 60 కన్నా దిగితే మెదడుకు గ్లూకోజ్ చాలదు. పిల్లి తూలుతుంది, తల వాలుస్తుంది, ఉన్నట్టుండి విపరీతమైన ఆకలితో తిరుగుతుంది లేదా పిలిచినా పలక్కుండా ఒక మూల పడుకుంటుంది. ముదిరితే కండరాలు అదిరి మూర్ఛ వస్తుంది, స్పృహ తప్పుతుంది. తినగలిగే స్థితిలో ఉంటే వెంటనే మేత పెట్టాలి. అన్నం పాలు కలిపి పెట్టడం తప్పుకాని సందర్భం ఇదొక్కటే. తూలుతున్నా అదురుతున్నా తేనె గానీ, గ్లూకోజ్ పొడిని నీళ్లలో చిక్కగా కలిపి గానీ చిగుళ్లకు రుద్దాలి. మూర్ఛలో ఉన్న పిల్లి నోట్లో ఏదీ పోయకూడదు, అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నోట్లో వేళ్లు పెడితే కరిచే ప్రమాదమూ ఉంది. పది పదిహేను నిమిషాలకోసారి షుగరు చూస్తూ ఆసుపత్రికి బయలుదేరాలి. పిల్లి తేరుకుందని ఆగిపోకూడదు. ఒంట్లో ఉన్న ఇన్సులిన్ ఇంకా గంటలపాటు పనిచేస్తుంది, చిగుళ్లకు రాసిన తేనె మాత్రం కాసేపట్లో ఖర్చైపోతుంది.

రెండో వైపు ప్రమాదం కీటో ఆసిడోసిస్. ఇన్సులిన్ మరీ చాలనప్పుడు, ముఖ్యంగా మరో జబ్బు తోడైనప్పుడు, శరీరం కొవ్వును కరిగించి కీటోన్లను తయారుచేస్తుంది. తిండి మానేయడం, వాంతులు, నీరసం, నోటి నుంచి తియ్యటి వాసన దీని గుర్తులు. మందుల షాపుల్లో దొరికే పట్టీలతో మూత్రంలో కీటోన్లు చూడవచ్చు. ఇవి కనిపించిన పిల్లికి ఇంట్లో డోసు పెంచి బాగుచేయడం కుదరదు, సెలైన్ పెట్టే ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే. ఇన్సులిన్ అక్కర్లేకుండా నోటి ద్వారా ఇచ్చే మందులకు అమెరికాలో అనుమతి వచ్చింది: 2022 డిసెంబరులో బెక్సాగ్లిఫ్లోజిన్‌కు, 2023 ఆగస్టులో వెలాగ్లిఫ్లోజిన్‌కు. ఇవి గ్లూకోజ్‌ను మూత్రంలోకి పంపేస్తాయి. వీటిని వాడే పిల్లికి మీటర్‌లో అంకె మామూలుగా ఉండగానే కీటో ఆసిడోసిస్ రావచ్చు. కాబట్టి ఇంజెక్షన్ విసుగొచ్చిందని ఇన్సులిన్ మీద ఉన్న పిల్లిని సొంతంగా వీటికి మార్చడం ప్రాణాపాయం.

డోసు పెంచుతూ పోయినా షుగరు దిగని పిల్లులున్నాయి. పూటకు కిలో బరువుకు ఒక యూనిట్ దాటిందంటే ఇక పెంచడం ఆపి కారణం వెతకాలి. మొదట తేలికైనవి చూడాలి: మందు గడువు దాటిందా, ఎండ తగిలిందా, సిరంజి సరైనదేనా, సూది చర్మం దాటుతోందా, పక్కింట్లో ఎవరైనా పెరుగన్నం పెడుతున్నారా. ఆ తర్వాత కుళ్లిన పళ్లు, మూత్రనాళంలో ఇన్ఫెక్షన్, క్లోమగ్రంథి వాపు. ఇవేవీ కాకపోతే పిట్యుటరీ గ్రంథిలో గడ్డ వల్ల గ్రోత్ హార్మోన్ అధికంగా ఊరే అక్రోమెగలీని అనుమానిస్తారు. ఇది అరుదైన జబ్బని ఒకప్పుడు అనుకునేవారు. లండన్‌లోని రాయల్ వెటర్నరీ కాలేజీ 2015లో ప్రచురించిన పరిశీలనలో షుగరున్న 1,221 పిల్లుల్లో దాదాపు నాలుగో వంతుకు ఈ జబ్బు ఉండవచ్చని తేలింది. షుగరు అదుపులో లేకపోయినా బరువు పెరిగే పిల్లిలో దీన్ని తప్పకుండా చూడాలి.

కోలుకునే దారిలో ఉన్న పిల్లి కర్వ్ వేరుగా ఉంటుంది. వారం వారం అంకెలు కిందికి దిగుతాయి, పొద్దుటి అంకె కూడా 150 లోపలికి వస్తుంది. అప్పుడు డోసును అర యూనిట్, పావు యూనిట్ చొప్పున తగ్గిస్తారు. పూటకు అర యూనిట్ దగ్గరికి వచ్చాక రోజుకు ఒక్కసారే ఇచ్చి, తర్వాత ఆపేస్తారు. ఇన్సులిన్ లేకుండా నాలుగు వారాలు షుగరు మామూలుగా నిలబడితే దాన్ని రెమిషన్ అంటారు. గ్లార్జిన్‌తో, పిండిపదార్థాలు తక్కువైన తడి మేతతో, ఇంట్లోనే తరచూ షుగరు చూస్తూ చేసిన చికిత్సపై 2009లో వెలువడిన ఒక అధ్యయనంలో 55 పిల్లుల్లో 64 శాతం ఈ స్థితికి చేరాయి. జబ్బు తెలిసిన ఆరు నెలల్లోపే ఆ చికిత్స మొదలుపెట్టినవాటిలో అది 84 శాతం. అన్ని చోట్లా ఇంత మంచి ఫలితాలు రాలేదు గానీ, తొందరగా మొదలుపెట్టడం వల్ల లాభం ఉందన్న మాటలో పెద్దగా భేదాభిప్రాయం లేదు. ఇంజెక్షన్ మానిన పిల్లికి కూడా వారానికోసారి ఇంట్లో షుగరు చూడాలి, నెలకోసారి బరువు తూయాలి. అన్నం, గట్టి మేత మళ్లీ మొదలుపెట్టకూడదు. ఏ జబ్బుకు చూపించినా స్టిరాయిడ్ రాసే ముందే పాత షుగరు సంగతి డాక్టరుకు చెప్పాలి. షుగరు తిరిగి 180 దాటి నిలిచిందంటే మళ్లీ ఇన్సులిన్ మొదలుపెట్టాలి, అదీ పాత పెద్ద డోసుతో కాకుండా మొదటిసారిలాగే చిన్న డోసుతో.